కూలీ లోచ్‌లు ఇంట్లో గుడ్లు పెడతాయా? బోరు నీళ్ళతో అయ్యే పనేనా?

నిజాంపేట_నీళ్ళు (హైదరాబాద్)

అందరికీ నమస్తే. మా మూడడుగుల ట్యాంకులో 8 కూలీ లోచ్‌లు (పాములా సన్నగా ఉండి అడుగున తిరిగే చిన్న చేపలు) ఉన్నాయి, తోడుగా చిన్న రాస్‌బోరాల గుంపు తప్ప వేరే చేపల్లేవు. ఈ మధ్య రాత్రి లైటు ఆపాక టార్చి వేసి చూస్తే రెండిటికి పొట్ట ఉబ్బి, ఒంటి వెనక సగంలో చర్మం కింద నుంచి ఆకుపచ్చగా ఏదో కనపడుతోంది. జబ్బేమో అని టెన్షన్ పడ్డాను, కానీ తిండి వేస్తే అన్నిటికంటే ముందు అవే వస్తున్నాయి, ఈదటంలో కూడా తేడా లేదు. అవి గుడ్లేనా? ఇంట్లో వీటి పిల్లల్ని చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? షాపులో అడిగితే ఇవి ట్యాంకులో పెట్టవు, ఇంజెక్షన్ చేస్తేనే పెడతాయి అన్నారు.

మాది బోరు. టీడీఎస్ (నీళ్ళలో కరిగిన ఉప్పుల కొలత) 900, పీహెచ్ (ఆమ్లగుణం కొలత, ఎంత తగ్గితే అంత ఆమ్లం) 7.8. అడుగున సన్న ఇసుక, ఒక డ్రిఫ్ట్‌వుడ్, జావా మాస్, పైన గుర్రపుడెక్క. స్పాంజ్ ఫిల్టర్ ఒకటి, వెనక గోడకి తగిలించే ఫిల్టర్ ఒకటి. పీహెచ్ తగ్గుతుందని బాదం ఆకులు వేస్తూనే ఉన్నాను, నీళ్ళ రంగు మారింది గానీ పీహెచ్ కదలట్లేదు.

బెజవాడ_ట్యాంక్స్

గుడ్లే అన్నా, కంగారు పడకు. వీటి గుడ్ల రంగే ఆకుపచ్చ. చర్మం పల్చన కాబట్టి నిండు ఆడచేపలో బయటికి అలా కనపడుతుంది.

ఇక మగవి ఉన్నాయా లేదా చూసుకో. గాజుకి ఆనుకుని ఉన్నప్పుడు మొప్పల వెనక రెండు పక్కలా ఉండే రెక్కలు గమనించు. మగదానికి ఆ రెక్కలో ముందువైపు ముల్లు లావుగా, రెక్క మొత్తం కాస్త పెద్దదిగా ఉంటుంది, ఆడదానికి సన్నగా చిన్నగా ఉంటుంది. ఎదిగిన చేపల్లోనే ఈ తేడా తెలుస్తుంది, షాపుల్లో అమ్మే పిల్ల సైజులో తెలియదు.

విశాఖ_లత

ముందు ఒక సంగతి తేల్చుకోండి, మీ ఎనిమిదీ ఒకే జాతేనా? షాపుల్లో కూలీ లోచ్ అని అమ్మేవాటిలో అసలు పాంజియో కూలీ (ఇది శాస్త్రీయ నామం) చాలా తక్కువ, అది జావా ద్వీపం చేప. మనకి ఎక్కువగా వచ్చేది పాంజియో సెమిసింక్టా, మలేషియా, సుమత్రా, బోర్నియో వైపుది. దాని నల్లటి పట్టీలు వీపు మీద నుంచి మొదలై పక్కల్లో సగం దాకా వచ్చి ఆగిపోతాయి, పొట్ట తెల్లగా ఉంటుంది. అదే బ్యాగులో ఒక్కోసారి పాంజియో మైయర్సీ కూడా కలిసి వస్తుంది, దాని పట్టీలు వెడల్పు, పొట్ట దాకా దిగుతాయి, ఒళ్ళు లావు. పట్టీల్లేని గోధుమ రంగుది, బ్లాక్ కూలీ అని అమ్మేది, అది పాంజియో ఆబ్లాంగా. మూడు రకాలు కలిసి ఒకే చెక్క కింద పడుకుంటాయి కాబట్టి గుంపు బాగుందనుకుంటాం. జత కట్టాలంటే మాత్రం ఒకే జాతిలో మగా ఆడా ఉండాలి కదా.

ఇంకోటి, మీ చేపల వయసెంత? ఇవి పదేళ్ళు పైనే బతుకుతాయి, నిదానంగా ఎదుగుతాయి. కొన్న ఏడాదే గుడ్లు ఆశించకూడదు.

నిజాంపేట_నీళ్ళు

థాంక్స్ లత గారు. ఇప్పుడే ఫొటోలు పెద్దవి చేసి చూశాను, ఏడింటికి పట్టీలు సగం దాకానే ఉన్నాయి, ఒకటి వేరే రకం లాగుంది. వయసు చెప్పాలంటే కొన్ని నాలుగేళ్ళ పైన, మిగతావి తర్వాత కలిపినవి. మగవి కనీసం రెండున్నాయి, బెజవాడ అన్న చెప్పిన లావు ముల్లు వాటికి స్పష్టంగా ఉంది.

వరంగల్_వంశీ

మా దగ్గర కూడా బోరు నీళ్ళే, కూలీలు ఐదారేళ్ళుగా మంచిగనే ఉన్నాయి. ఆర్వో, బాదం ఆకులు, టీడీఎస్ మీటర్లు ఇవన్నీ లేకుండా కూడా బతుకుతాయి. కొత్తవాళ్ళు ఇవన్నీ చదివి భయపడతారు. ఇసుక మెత్తగా ఉండాలి, గుంపుగా ఉండాలి, మూత గట్టిగా ఉండాలి, అంతే నా అనుభవం.

విశాఖ_లత

వంశీ, బతకడం గురించి నువ్వు చెప్పింది నిజమే, నెమ్మదిగా అలవాటు చేస్తే బోరు నీళ్ళలో కూడా ఏళ్ళ తరబడి బతుకుతాయి. ఈయన అడిగింది గుడ్ల సంగతి. ఈ చేపలు పుట్టే వాగుల్లో సున్నం, ఉప్పులు దాదాపు ఉండవు. అలాంటి చేపల గుడ్లు హార్డ్ వాటర్‌లో, అంటే సున్నం ఎక్కువున్న నీళ్ళలో, సరిగా ఫలించవు, ఫలించినా చాలావరకు బూజు పట్టి పోతాయి. తల్లి నిండుగా ఉన్నంత మాత్రాన నీళ్ళు సరిపోయాయని అర్థం కాదు.

నిజాంపేట గారూ, మీ పీహెచ్ ఎందుకు కదలట్లేదంటే, మీ నీళ్ళలో కార్బొనేట్లు ఎక్కువ. కేహెచ్ (కార్బొనేట్ల కొలత) టెస్ట్ చేస్తే తెలిసిపోతుంది. బాదం ఆకు వదిలే ఆ కాస్త ఆమ్లాన్ని అవి ఎప్పటికప్పుడు మింగేస్తాయి. అలాంటి నీళ్ళలో ఎన్ని ఆకులు వేసినా రంగు మారుతుంది తప్ప పీహెచ్ దిగదు. ముందు ఆర్వో కలిపి కేహెచ్ తగ్గించండి, అప్పుడే ఆకు పనిచేస్తుంది. లెక్క సులువే: 900 ఉన్న బోరు ఒక వంతు, 30 ఉన్న ఆర్వో నాలుగు వంతులు కలిపితే 200 చిల్లర వస్తుంది. ఒక్కసారిగా మార్చొద్దు, వారం వారం కొంచెం కొంచెంగా ఐదారు వారాలు తీసుకోండి. పీహెచ్ తగ్గించే సీసాల జోలికి అసలు పోవద్దు, పొద్దున దిగి సాయంత్రం ఎక్కే పీహెచ్ ఈ చేపలకి హార్డ్ వాటర్ కన్నా ప్రమాదం.

ఎండాకాలంలో ఆవిరైన నీళ్ళకి బదులు ఆర్వో మాత్రమే పోయండి. ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పులు ట్యాంకులోనే మిగిలిపోతాయి. బోరు పోస్తూ పోతే మే నెలాఖరుకి టీడీఎస్ ఎక్కడికో పోతుంది.

సెలంగోర్_తెలుగోడు (మలేషియా)

ఇక్కడ ఉత్తర సెలంగోర్‌లో పీట్ అడవులు (కుళ్ళిన ఆకులు, కొమ్మలు పేరుకుపోయిన చిత్తడి అడవులు) ఉన్నాయి, మా తోటి హాబీ వాళ్ళతో కలిసి వెళ్తుంటాను. వీటి సొంత ఊరు ఎలా ఉంటుందో చూసినవాణ్ణి కాబట్టి చెప్తున్నా. నీళ్ళు పాలు కలపని టీ డికాక్షన్ రంగులో ఉంటాయి, పీహెచ్ 4 దగ్గర కూడా ఉంటుంది, టీడీఎస్ మీటరు పెడితే రెండంకెలు దాటదు. అడుగున ఇసుక కన్నా ఆకులే ఎక్కువ. చెయ్యి పెడితే మోచేతి దాకా కుళ్ళిన ఆకులు, కొమ్మలు, వేళ్ళు. వలతో నీళ్ళలో ఎంత దేవినా ఏమీ రాదు, ఒక పెద్ద దోసెడు ఆకులు పైకి తీసి ట్రేలో పోస్తే అందులోంచి ఇవి మెలికలు తిరుగుతూ బయటికి వస్తాయి. పట్టుకుందామంటే వేళ్ళ సందులోంచి జారిపోతాయి.

అందుకే నా మాట, ఇసుక పరిచి నాలుగు రాళ్ళు పెట్టిన ట్యాంకు వీటికి చాలదు. ఒక మూలంతా ఎండిన బాదం ఆకులు మందంగా పరవండి. పచ్చివి వద్దు, చెట్టు కింద రాలి ఎండినవి, పురుగుమందు కొట్టని చోటివి, రోడ్డు పక్కవి కాకుండా. కడిగి నానబెడితే మునుగుతాయి. ఆకులు ఉన్న చోట పగలు కూడా బయట తిరుగుతాయి, దాక్కోవడానికి చోటు ఉందని తెలిస్తేనే వీటికి ధైర్యం.

గోదారి_గట్టు (రాజమండ్రి)

ఇసుక ఎలాంటిది వాడాలండి? మా దగ్గర గోదావరి ఇసుక కావలసినంత.

బెజవాడ_ట్యాంక్స్

నది ఇసుక వాడొచ్చు, కానీ జల్లెడ పట్టి సన్నది మాత్రమే తీసుకోండి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడగండి. చేత్తో నలిపితే గరుకుగా గుచ్చుకుంటే వద్దు. ఇవి ఇసుకని నోట్లోకి తీసుకుని మొప్పల్లోంచి వదులుతూ తిండి ఏరుకుంటాయి, పదునైన గులక మీద మీసాలు అరిగిపోతాయి. కొంచెం ఇసుక మీద వెనిగర్ వేసి చూడండి, బుడగలు వస్తే గవ్వల ముక్కలో సున్నమో ఉన్నట్టు, అది టీడీఎస్ పెంచుతుంది. సముద్రపు ఇసుక ఇందుకే పనికిరాదు. మందం రెండంగుళాలు మించొద్దు.

కైకలూరు_హేచరీ

ఇంజెక్షన్ మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా. నేను బొచ్చె, రాగండి హేచరీలో పనిచేస్తాను. మా దగ్గర తల్లి చేపలకి ఓవాప్రిమ్ లాంటి హార్మోను ఇస్తాం, ఆడచేపకి కిలో బరువుకి సుమారు 0.5 మిల్లీలీటర్లు, మగదానికి అందులో సగం లోపే. ఇప్పుడు కూలీ లోచ్ లెక్క చూడండి. చేప బరువు 3 గ్రాములు అనుకుంటే మందు 0.0015 మిల్లీలీటర్లు. మామూలు ఇన్సులిన్ సిరంజి మీద చిన్న గీతే 0.01 మిల్లీలీటర్లు. అంటే మందుని బాగా పలచన చేసి, ఆ చేపని మత్తులో పెట్టి, పెన్సిల్ కన్నా సన్నగా ఉన్న ఒంట్లోకి సూది దించాలి. ఆగ్నేయాసియాలో ఫారాల వాళ్ళు హార్మోనుతో చేస్తారు, వాళ్ళ దగ్గర వందల చేపలుంటాయి, అలవాటైన చేతులుంటాయి. ఇంట్లో పెంచుకునే ఎనిమిది చేపల మీద ఈ ప్రయోగం దయచేసి చెయ్యొద్దండి.

అసలు హార్మోను ఎందుకిస్తామో ఆలోచించండి. బొచ్చె, రాగండి కూడా చెరువులో గుడ్లు నింపుకుంటాయి గానీ వదలవు. తొలకరికి వరద నీళ్ళు రావాలి, పారుదల ఉండాలి, అప్పుడే వదులుతాయి. ఆ కబురు చెరువులో అందదు కాబట్టి సూదితో అందిస్తాం. మీ ట్యాంకు చిన్నది, వర్షాకాలాన్ని మీరే తెచ్చి ఇవ్వొచ్చు. కొన్ని వారాలు నీటి మట్టం మెల్లగా తగ్గనివ్వండి, తిండి బాగా పెట్టండి, ఆ తర్వాత రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉన్న ఆర్వో నీళ్ళు సాయంత్రం పూట సన్నధారగా పోయండి. అల్పపీడనం పట్టి ముసురు వేసిన రోజు చేస్తే ఇంకా మంచిది, లోచ్ జాతి చేపలు వాతావరణం మారితే ముందే హుషారవుతాయి.

నిజాంపేట_నీళ్ళు

ఇంజెక్షన్ ఆలోచన పూర్తిగా మానుకున్నాను హేచరీ గారూ, ఆ లెక్క చూశాక ఇంకేం అనుమానం లేదు. తిండి ఏం పెట్టమంటారు? ఇప్పుడు మునిగే పెల్లెట్లు, వారానికి రెండుసార్లు ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్.

విశాఖ_లత

ఏది పెట్టినా లైటు ఆపాకే పెట్టండి, లేకపోతే రాస్‌బోరాలే తినేస్తాయి. గుడ్లు నిండాలంటే పురుగు తిండి కావాలి: ఆర్టీమియా, డాఫ్నియా, బ్లడ్‌వార్మ్ మార్చి మార్చి. మురికి కాలవల్లోంచి తెచ్చి అమ్మే బతికున్న ట్యూబిఫెక్స్ పురుగులు మాత్రం నేను ముట్టుకోను, దానితో ఏ రోగం వస్తుందో చెప్పలేం.

బెజవాడ_ట్యాంక్స్

నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇది. చాలామంది ట్యాంకుల్లో కూలీలు గుడ్లు పెడుతూనే ఉంటాయి, మనకి తెలియదు, ఎందుకంటే తెల్లారేసరికి వాటిని అవే తినేస్తాయి, మిగిలినవి టెట్రాల్లాంటి తోటి చేపలు తింటాయి. గుడ్లు పెట్టించడం ఎలా అని అందరం కొట్టుకుంటాం, గుడ్లు మిగిలేలా చూడటమే పెద్ద పని. మా కానిస్టర్ ఫిల్టర్ (ట్యాంకు బయట పెట్టే డబ్బా ఫిల్టర్) శుభ్రం చేద్దామని విప్పితే అడుగు బుట్టలో మడ్డిలో మూడు బుల్లి కూలీలు కదులుతున్నాయి, ఒక్కోటి అంగుళం కూడా లేదు, పట్టీలు పూర్తిగా వచ్చేశాయి. ట్యాంకులో ఎన్నడూ ఒక్క గుడ్డు చూడలేదు. గుడ్డుగానో పిల్లగానో లోపలికి పీల్చుకుపోయి ఉంటాయి. అక్కడ పెద్దచేప రాదు, మడ్డిలో సూక్ష్మజీవుల తిండి పుష్కలం, అలా బతికాయి. పాత రోజుల్లో కంకర కింద ప్లేటు ఫిల్టర్లు వాడినవాళ్ళకి ప్లేటు కింద పిల్లలు దొరికేవని సీనియర్లు చెప్పేది కూడా ఇందుకే.

అందుకని వేరే ట్యాంకు పెట్టండి. 40 లీటర్లు చాలు. స్పాంజ్ ఫిల్టర్ ఒక్కటే, మోటారు పీల్చేది ఏదీ వద్దు. అడుగున గుడ్లు జారిపోయేలా ప్లాస్టిక్ జాలీ ఒకటి అంగుళం ఎత్తులో పెట్టండి, దాని రంధ్రాల్లో పెద్దచేప తల దూరకూడదు, ఇది చాలా ముఖ్యం, తల దూరిందంటే ఒళ్ళంతా దూరుస్తుంది, వెనక్కి రాలేదు. పైన గుర్రపుడెక్క దట్టంగా. వీటి జత కట్టడం అడుగున జరగదు, ఆడా మగా కలిసి పైకి వచ్చి తేలే మొక్కల వేళ్ళలో గుడ్లు వదులుతాయి.

వరంగల్_వంశీ

మీ ట్యాంకులో వెనక తగిలించే ఫిల్టర్ పైపుకి స్పాంజ్ తొడిగారా అన్నా? లేకపోతే ఇవాళే తొడగండి. పెద్ద కూలీలు కూడా పైపులోకి ఎక్కుతాయి. మూతలో వైరు పోయే సందు కూడా చూసుకోండి, ఆ మాత్రం సందు చాలు.

సిద్దిపేట_గప్పీ

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నా కూలీలకి తెల్ల చుక్కలు వచ్చాయి, షాపులో నీలం మందు ఇచ్చారు. పూర్తి డోసు వెయ్యొచ్చా?

విశాఖ_లత

వద్దు. వీటి పొలుసులు కనపడనంత చిన్నవి, తల మీద అసలు ఉండవు, మందు నేరుగా ఒంట్లోకి పోతుంది. రాగి ఉన్న మందులు, మలకైట్ గ్రీన్ వీటికి పడవు. ముందు రోజుకి ఒకటి రెండు డిగ్రీల చొప్పున వేడి 30కి పెంచు, గాలి బుడగలు ఎక్కువ పెట్టు, రోజూ అడుగు నుంచి కొంచెం సైఫన్ చెయ్యి. తప్పనిసరైతే సగం డోసుతో మొదలుపెట్టి పక్కనే ఉండి చూడు. మధ్య మధ్యలో ఒక్కసారి పైకి దూసుకొచ్చి గాలి మింగి కిందికి పోతే భయపడకు, ఇవి పేగుతో కూడా గాలి పీల్చుకోగలవు. అదే పని ఆపకుండా చేస్తుంటే మాత్రం నీళ్ళలో ఆక్సిజన్ చాలట్లేదని అర్థం, వెంటనే నీళ్ళు మార్చు.

చుక్కలు పోయాక కూడా చేప సన్నబడుతుంటే కడుపులో పురుగులు ఉండొచ్చు, దానికి వేరే పోస్టు పెట్టు, వివరంగా రాస్తాను.

నిజాంపేట_నీళ్ళు

చాలా వారాల తర్వాత వస్తున్నాను, శుభవార్తతో. లత గారు చెప్పినట్టు ఆర్వో కలుపుతూ టీడీఎస్ 150కి తెచ్చాను, పీహెచ్ 6.4, ఇప్పుడు బాదం ఆకు నిజంగానే పనిచేస్తోంది. 45 లీటర్ల ట్యాంకు వేరే పెట్టి రెండు ఆడవి, మూడు మగవి వదిలాను. మొన్న ఊరంతా ముసురు పట్టినప్పుడు చల్లటి ఆర్వో సన్నధారగా పోశాను. రాత్రి పదకొండు దాటాక ఐదూ కలిసి పైకీ కిందికీ తిరగడం మొదలుపెట్టాయి. గుర్రపుడెక్క వేళ్ళ మధ్య ఒక ఆడదాన్ని మగది చుట్టుకుంది, ఇద్దరూ కలిసి ఒక్క క్షణం వణికి విడిపోయారు, ఆ చోటునుంచి ఆకుపచ్చ చుక్కలు రాలాయి. కొన్ని వేళ్ళకి అంటుకున్నాయి, చాలావరకు జాలీ కిందికి పడ్డాయి. లెక్కపెట్టలేదు, వందల్లోనే ఉంటాయి. ఇప్పుడేం చెయ్యాలి? పెద్దవి ఇంకా అందులోనే ఉన్నాయి.

బెజవాడ_ట్యాంక్స్

అదిరింది అన్నా!! పెద్దవాటిని ఇప్పుడే తీసెయ్, పొద్దున్న దాకా ఆగకు. వలతో వెంటపడకు, జాలీ కదిలి గుడ్లు పాడవుతాయి. చిన్న ప్లాస్టిక్ పైపు ముక్క పెట్టు, అందులో దూరతాయి, రెండు చివర్లూ మూసి ఎత్తెయ్.

కైకలూరు_హేచరీ

శుభాకాంక్షలండి, చాలా సంతోషం. 26 డిగ్రీల దగ్గర ఒక రోజుకే పొదిగేస్తాయి, కాబట్టి త్వరగా సిద్ధం కావాలి. తెల్లబడిన గుడ్లు డ్రాపర్‌తో తీసెయ్యండి, బూజు పక్కవాటికి పాకుతుంది. లైటు వెయ్యొద్దు. గాలి బుడగ సన్నగా ఉంచండి. పిల్లలకి మొదట్లో మొప్పలు బయటికి కుచ్చుల్లా కనపడతాయి, రోగం కాదు, కొన్నాళ్ళకి లోపలికి పోతాయి.

పొట్ట కింద సొన ఉన్నంతవరకు తిండి అక్కర్లేదు. అది కరిగాక ఇన్ఫ్యూసోరియా, అంటే నీళ్ళలో ఉండే సూక్ష్మజీవులు. బాదం ఆకులు నానిన పాత నీళ్ళలో అది ఎలాగూ ఉంటుంది, స్పాంజ్ ఫిల్టర్‌ని ఆ ట్యాంకులోనే ఒకసారి మెల్లగా పిండినా సరే. ఆ తర్వాత మైక్రోవార్మ్ అనే సన్న పురుగులు, అప్పుడే పొదిగిన ఆర్టీమియా. ఆర్టీమియా డబ్బాలు మన కోస్తాలో రొయ్యల హేచరీలకి సామాను అమ్మే చోట దొరుకుతాయి, అక్వేరియం షాపులో చిన్న పొట్లం కన్నా నాణ్యం బాగుంటుంది, కాకపోతే డబ్బా పెద్దది, నలుగురు పంచుకోండి. గుడ్డు సొన మాత్రం వెయ్యొద్దు, పాతికో యాభయ్యో లీటర్ల నీళ్ళు ఒక్క రాత్రిలో చెడిపోతాయి.

గోదారి_గట్టు (రాజమండ్రి)

చదువుతుంటేనే భలే ఆనందంగా ఉందండి. చిన్న సందేహం, మన దేశంలో ఈ చేపల బంధువేదీ అసలు లేదా?

సెలంగోర్_తెలుగోడు (మలేషియా)

ఉంది. పాంజియో పాంజియా అని ఈశాన్యంలో, బంగ్లాదేశ్‌లో ఉంటుంది, పట్టీలుండవు. పశ్చిమ కనుమల వైపు పాంజియో గోవాయెన్సిస్. కేరళలో అయితే నేల కింద నీళ్ళలో బతికేవి కూడా దొరికాయి, కోళికోడ్‌లో బావిలో దొరికిన పాంజియో భుజియాకి 2019లో పేరు పెట్టారు, 2022లో చెంగన్నూరు వైపు నుంచి పాంజియో పాతాళ. ఎర్రగా ఉంటాయి. అవి పెంచుకునే చేపలు కావు, ఎవరైనా అమ్ముతామన్నా కొనకండి.

నిజాంపేట_నీళ్ళు

అప్‌డేట్: అన్నీ మిగల్లేదు, మొదటి వారంలో చాలా పోయాయి, బూజు వచ్చింది కొన్నిటికి. ఉన్నవి ఇప్పుడు ఆర్టీమియా తింటున్నాయి. తిన్నవాటి పొట్ట నారింజ రంగులో కనపడుతుంది కాబట్టి ఏది తిన్నదో ఏది తినలేదో టార్చి వేస్తే తెలిసిపోతోంది. పెద్దవాటికి పట్టీలు మసకగా మొదలయ్యాయి. రోజూ నీళ్ళు కొంచెం మారుస్తున్నాను, డ్రాపర్‌తో అడుగు మురికి తీస్తున్నాను, పని ఎక్కువే గానీ విసుగు రావట్లేదు.

సిద్దిపేట_గప్పీ

అన్నా నాకొక నాలుగు ఇస్తారా? డబ్బులిస్తాను. నా చేపలకి చుక్కలు పూర్తిగా తగ్గాయి, లత అక్కకి థాంక్స్.

నిజాంపేట_నీళ్ళు

తప్పకుండా ఇస్తాను తమ్ముడూ, డబ్బులొద్దు. కానీ అంగుళం దాటి, పెల్లెట్ తినడం అలవాటయ్యేదాకా ఎవరికీ ఇవ్వను. నాలుగు కాదు, ఆరు తీసుకో, తక్కువైతే దాక్కునే ఉంటాయి. ఈలోపు మీ నీళ్ళ టీడీఎస్, కేహెచ్ ఎంతో ఇక్కడ రాయి. నా పిల్లలు 150లో పుట్టాయి, మీది ఎక్కువైతే ఇక్కడే మెల్లగా బోరు కలుపుతూ అలవాటు చేసి పంపిస్తాను.